మామ గోడకు కొట్టిన ఐదో మేకు

సహోదరులారా, నేను జీవితంలో మొదటి ప్రార్థన చేసింది మందిరంలో కాదు, మహబూబాబాద్ నుంచి వచ్చే బస్సులో, కిటికీ పక్క సీట్లో, నోట్లో మందు వాసన ఇంకా పోకముందే. అది నా కోసం చేసుకున్నది కూడా కాదు. మా మామ ఆకలితో ఉన్నాడని చేసింది. మా మామ ఏసోబు గారు ప్రభువు దగ్గరికి వెళ్ళి మొన్నటికి ఏడాది నిండింది. జ్ఞాపకార్థ కూడికలో నన్ను సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి రెండు మాటలు చెప్పి ఏడ్చి కూర్చున్నాను. పాస్టరు గారు నా భుజం తట్టి, "మాట్లాడుడు చాతగాకుంటే రాసియ్యి యాదగిరీ, పత్రికల వేద్దాం" అన్నారు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే నావి, ఎవరికైనా మేలు కలిగితే దేవునికే మహిమ.

మాది జనగామ జిల్లాలో లింగాల ఘనపూర్ దగ్గర ఒక చిన్న ఊరు. నేను వరికోత మిషను డ్రైవర్‌ను. కోతల కాలం వచ్చిందంటే మాకు ఇల్లూ వాకిలీ ఉండవు, మిషనుతో పాటు ఊరి వెంట ఊరు పోతూనే ఉంటాం, ఇటు తరిగొప్పుల నుంచి అటు మహబూబాబాద్ తండాల దాకా, చిట్యాల దాకా నేను దిగని మడి లేదు. మా పనిలో ఒక అలవాటు ఉంది, రైతులైన సహోదరులకు తెలిసే ఉంటుంది. మబ్బు పట్టిందంటే ప్రతి రైతుకూ తన పొలమే ముందు కోయాలని ఉంటుంది, అందుకని డ్రైవర్ సీటు కింద ఒక సీసా పెట్టిపోతాడు. మనం అడగనక్కర లేదు. సీసా పెట్టిన పొలం ముందు, పెట్టని పొలం వెనక. నేను మొదటి రెండు సీజన్లు ఆ సీసాలను పక్కవాళ్ళకు ఇచ్చేశాను, మూడో సీజన్లో మూత తీశాను, ఆ తర్వాత సీసా కనబడకపోతే మిషను తాళం తిప్పని స్థితికి వచ్చాను. దాన్ని నేను తాగుడు అనుకోలేదు, పనిలో మర్యాద అనుకున్నాను.

నా భార్య సుజాత అప్పట్లో జనగామలో ఒక చిన్న దవాఖానలో నర్సు. మిషను బెల్టులో పడి నా వేలు తెగితే కట్టు కట్టింది, ఆ వేలు మానిన తర్వాత కూడా నేను ఏదో ఒక సాకుతో ఆ దవాఖానకు పోతూ ఉండేవాణ్ణి. వాళ్ళది భూపాలపల్లి, క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో దేవుని పటాలకు కొబ్బరికాయలు కొడతారు, వాళ్ళింట్లో పొద్దునా సాయంత్రమూ మోకాళ్ళు వేస్తారు, అయినా మామ కులమూ మతమూ ఏమీ అడగలేదు. ఒక్కటే అడిగాడు. "బిడ్డా, నీకు తాగుడున్నదా?" నేను ఆయన కళ్ళలోకి చూసి "లేదు మామా" అన్నాను. అంత నమ్మకంగా నేను ఇంకే అబద్ధమూ చెప్పలేదు.

పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తలుపు పక్కన గోడకు ఒక చెక్క, ఆ చెక్కకు వరుసగా నాలుగు మేకులు, కింద ఒక బిస్కెట్ల డబ్బా కనిపించాయి. డబ్బాలో నూనె డబ్బా రేకుతో కత్తిరించిన గుండ్రటి బిళ్ళలు ఉన్నాయి. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో పేరు, మేకుతో పొడిచి పొడిచి రాసింది. మామ పేరు, అత్తమ్మ రూతమ్మ పేరు, బామ్మర్ది శామ్యూల్ పేరు, సుజాత పేరు. ఇంట్లోంచి ఎవరు పనికో ఊరికో వెళ్ళినా తమ బిళ్ళ మేకుకు తగిలించి పోవాలి, తిరిగొచ్చాక తీసి డబ్బాలో వేయాలి. శామ్యూల్ చిట్యాలలో బడిపంతులు, రోజూ పొద్దున తగిలించి సాయంత్రం తీస్తాడు. నాకు నవ్వొచ్చింది.

సుజాత నన్ను పక్కకు తీసుకుపోయి దాని కథ చెప్పింది. మామ బొగ్గు బాయిలో, అంటే గనిలో, ముప్పై ఏళ్ళకు పైగా పని చేశాడు. బాయిలోకి దిగేముందు దీపాల గదిలో తన పేరున్న ఇత్తడి బిళ్ళ గోడకు తగిలించి తల దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బిళ్ళ గోడకే ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని. మామ వయసులో ఉన్నప్పుడు ఒకసారి పైకప్పు కూలి ఒక మూల ఇరుక్కుపోయాడు. అందరూ పైకి వచ్చారు, ఎవరి హడావిడిలో వాళ్ళున్నారు, ఏసోబు ముందే ఇంటికి పోయాడని ఎవరో అన్నారు. దీపాల గది ముసలాయన మాత్రం తలుపు వేయలేదు. "ఒక్క బిళ్ళ మిగిలింది. అది తీసేదాక నేను గది బందు చెయ్య" అని అడ్డంగా కూర్చున్నాడు. అప్పుడు మళ్ళీ దిగి వెతికి మామను బతికి ఉండగా బయటికి తెచ్చారు. ఆ వారమే మామ ఇంటి గోడకు మేకులు కొట్టాడు. "మన దేవుడు గసువంటోడే, ఒక్క బిళ్ళ మిగిలినా గది మూయడు" అని ఆయన ఎప్పుడూ అనేవాడట.

కథ బాగానే ఉంది, నా బుద్ధే బాగాలేదు. మరునాడు నేను బయలుదేరుతుంటే మామ ఒక కొత్త బిళ్ళ నా చేతిలో పెట్టాడు. యాదగిరి అని పొడిచి ఉంది. చెక్కకు ఐదో మేకు కొట్టి ఉంది. అల్లుడికి బట్టలు పెడతారు, గడియారం పెడతారు, ఈయనేమో రేకు బిళ్ళ ఇస్తున్నాడు. అప్పటికే పొద్దున్నే ఇంటి వెనక్కి వెళ్ళి రెండు గుక్కలు వేసి ఉన్నాను. "నేనేమన్న మీ బాయిల కూలోణ్ణా మామా, నాకు హాజరు వేస్తాన్రు?" అని బిళ్ళను బల్ల మీద పడేసి వచ్చేశాను. వెనక్కి చూడలేదు. ఆ బిళ్ళను మామే తీసి ఐదో మేకుకు తగిలించాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ వచ్చేది. "అల్లుడా, తిన్నవా?" అంతే. ఎక్కడున్నావు, ఏం చేస్తున్నావు, తాగావా, ఇవేవీ అడిగేవాడు కాదు. తిన్నానంటే "మంచిది బిడ్డా" అని పెట్టేసేవాడు. నేనేమో ఈయన నా మీద నిఘా పెట్టాడనుకున్నాను, మొదట్లో రెండు మాటలు మాట్లాడేవాణ్ణి, తర్వాత కట్ చేయడం మొదలుపెట్టాను, ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశాను.

సహోదరులారా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. నా కూతురు కృప భూపాలపల్లిలో పుడితే నేను ఆ గడప తొక్కనని పంతం పట్టి ఫోన్లో ఫొటో చూసి ఊరుకున్నాను. తల్లీబిడ్డలు జనగామకు వచ్చాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. ఒకనాడు పిల్లకు జ్వరం వస్తే సిరప్ తెస్తానని పొద్దున పోయినవాణ్ణి మూడో రోజు వచ్చాను. చేతిలో సిరప్ లేదు. ఇంట్లో సుజాత లేదు. గొడవ పెట్టుకోలేదు, ఉత్తరం రాయలేదు, పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. నేను కోపంతో ఇంకా ఎక్కువ తాగాను. వాళ్ళే నన్ను వదిలేశారని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాను, విన్నవాళ్ళు పాపం అన్నారు, నాకదే కావలసింది.

ఆ సంవత్సరం వానాకాలం కోతలకు మహబూబాబాద్ వైపు తండాల్లో ఉన్నాను. ఒకరోజు మామ నంబరు నుంచి కాదు, అత్తమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆమె ఎప్పుడూ నాతో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు నమస్తే కూడా లేదు.

"యాదగిరీ, మీ మామ సంగతి నీకెరుకేనా? మేకుకున్న బిళ్ళలోళ్ళు తిన్నరని తెలిసేదాక ఆయన అన్నం ముట్టడు. ముప్పై ఏండ్ల సంది గంతే. శామ్యూల్ ఎత్తుతడు, నువ్వు ఎత్తవు. ఆయన షుగరు మనిషి, గోలీ వేసుకొని నాలుగు దాక ఉత్త కడుపుతోని కూసుంటాండు. నిన్న కండ్లు తిరిగి పడ్డడు. నువ్వు తాగు, తాగకపో, నిన్ను ఆపుడు నాతోని గాదు. ఫోను మాత్రం ఎత్తు."

ఆమె పెట్టేసింది. నేను మిషను మీద కూర్చొని లెక్క వేసుకున్నాను. ఎన్ని నెలల నుంచి నేను ఫోన్ ఎత్తలేదో, అన్ని నెలల నుంచి ఒక ముసలాయన అన్నం పళ్ళెం ముందు కూర్చొని నా కోసం చూస్తున్నాడు. నన్ను కాపలా కాస్తున్నాడనుకున్నాను, ఆయన నా కోసం పస్తుంటున్నాడు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం మొదలుపెట్టాను, మారుమనస్సు వచ్చి కాదు, ఆయనకేమైనా అయితే ఆ పాపం నాకు చుట్టుకుంటుందన్న భయంతో. తాగి ఉన్నా మాట తడబడకుండా "తిన్న మామా" అనేవాణ్ణి. చాలాసార్లు తినేవాణ్ణి కాదు.

ఇక నా దేవుడు నన్ను విడిపించిన రోజు. ఒక తండాలో ఒంటరి అవ్వ పొలం కోస్తున్నాం. ఆ అవ్వ సీసా పెట్టలేదు, కానీ పక్క పొలం రైతు పొద్దున్నే పెట్టి ముందు కోయించుకున్నాడు, మధ్యాహ్నానికి ఆ సీసా ఖాళీ అయింది. ఇంకో నాలుగు గీతలు కోస్తే మడి అయిపోతుంది. నాతోటి డ్రైవరు వీరన్న అన్నం తినడానికి వెళ్ళాడు. నేను మిషను దిగి వరిలోకి ఎందుకు నడిచానో నాకు ఇప్పటికీ తెలియదు. కోయని వరి మధ్యలో పడి నిద్రపోయాను. వీరన్న తిరిగొచ్చి చూస్తే నేను కనిపించలేదు. ఊళ్ళోకి పోయాడనుకొని, మబ్బు పట్టింది కదా, మిగిలింది తనే కోసేద్దామని సీటెక్కాడు. మిషను ముందుండే కోత కత్తుల వరుస పది అడుగుల వెడల్పు. నేను ఆ దారిలోనే ఉన్నాను.

వీరన్న తాళం చెవి మీద చెయ్యి వేశాడు. అదే సమయానికి గట్టు మీదున్న అవ్వ తన లంబాడీ భాషలో ఏదో అరిచింది. వీరన్నకు అర్థం కాలేదు, కానీ ఆ అరుపుకు చెయ్యి ఆగింది. అప్పుడామె తెలుగులో అన్నది: "ఆగు కొడుకా, వరిల ఫోను మోగుతాంది."

ఇంజను ఒక్కసారి మొదలైతే ఆ చప్పుడులో ఫోను కాదు, పిడుగు పడినా వినపడదు. వీరన్న దిగి వెతుక్కుంటూ వచ్చాడు. వరిలో నన్ను చూశాడు. చెంపల మీద కొట్టి లేపాడు, మిషను ఎక్కడుందో నేను ఎక్కడున్నానో కళ్ళతో కొలుచుకున్నాను. జేబులో ఫోను ఆగి మళ్ళీ మోగింది. సమయం ఒంటిగంట.

"అల్లుడా, తిన్నవా?"

సహోదరులారా, ఆ మాటకు నేను అబద్ధం చెప్పలేకపోయాను. "తినలే మామా. తాగిన. పెండ్లికి ముందు నువ్వడిగినప్పుడు గూడ అబద్ధమే చెప్పిన" అన్నాను. మామ నెమ్మదిగా అన్నాడు. "నాకెరుకే బిడ్డా. గా రోజే వాసనొచ్చింది. ఇప్పుడు రా. నీ బిళ్ళ తియ్యి."

"నువ్వే తీసెయ్యి మామా, నా కోసం పస్తులుండకు" అన్నాను.

"గట్ల తియ్యరాదు. ఎవని బిళ్ళ వాడే తియ్యాలె" అన్నాడు.

వీరన్నకు మిషను అప్పజెప్పి, అవ్వకు దండం పెట్టి, బస్సెక్కాను. ఆ బస్సులోనే నేను మొదట చెప్పిన ప్రార్థన. "ప్రభువా, నాకు ప్రార్థన రాదు. నీ పేరు కూడా సరిగా పలికినోణ్ణి కాదు. మా మామ ఆకలితో ఉన్నాడు. నేను చేరేదాకా ఆయనకు ఏమీ కానియ్యకు." హనుమకొండలో బస్సు మారి, పరకాల దాటి భూపాలపల్లి చేరేదాకా అదే మాట వంద సార్లు అన్నాను. మధ్యలో వాంతి అయింది, పక్క సీటావిడ లేచి వెళ్ళిపోయింది, నేను ప్రార్థన ఆపలేదు.

సాయంత్రం పూట ఆ గడప ముందు నిలబడ్డాను. మామ కుర్చీలో కూర్చొని ఉన్నాడు, ఎదురుగా మూత పెట్టిన పళ్ళెం. అత్తమ్మ నన్ను చూడగానే "రెండు బిస్కెట్లు తినిపిచ్చిన, అన్నం మాత్రం నువ్వొచ్చినంకనే అంటాండు, ముందు గా బిళ్ళ తియ్యి" అని గోడ చూపించింది. ఐదో మేకు మీద నా బిళ్ళ. తుప్పు పట్టి ఉంది. తీశాను. దాని వెనక చెక్క మీద బిళ్ళంత గుండ్రంగా కొత్త చెక్క రంగు మిగిలి ఉంది, చుట్టూ అంతా ఆ ఊరి బొగ్గు దుమ్ముతో నల్లబడింది. డబ్బాలో వేస్తే టంగున చప్పుడైంది. లోపలి గదిలోంచి సుజాత కృపను ఎత్తుకొని వచ్చింది. మామ పళ్ళెం మూత తీసి, "కాళ్ళు కడుక్కొని రా బిడ్డా, పచ్చిపులుసున్నది" అన్నాడు. అంతకు మించి ఆయన నాకు ఆ రోజు వాక్యం చెప్పలేదు.

ఇన్నాళ్ళూ ఆయన అన్నం ముందు చేసిన ప్రార్థన ఏమిటో సుజాత తర్వాత చెప్పింది. నా బిళ్ళ మీద వేలు పెట్టి చేసేవాడట: "తండ్రీ, ఇంక ఒక్క బిళ్ళ మిగిలింది. అది తీసేదాక నీ దీపాల గది బందు చెయ్యకు."

తాగుడు ఒక్క రోజులో పోయిందని నేను చెప్పను, అలా పోయినవాళ్ళుంటే దేవునికి స్తోత్రం, నాకు మాత్రం వారం రోజులు ఒళ్ళంతా వణికింది, గోడల మీద పురుగులు పాకినట్టు కనిపించాయి. మామ నన్ను దవాఖానకు తీసుకుపోయాడు. "ప్రార్థన చేసుకుంటనే గోలీలు మింగు, రెండూ దేవుడిచ్చినయే" అన్నాడు. నా మంచం పక్కనే కూర్చొని పాటలు పాడేవాడు. ఆయన గొంతు సంగతి సంఘంలో అందరికీ తెలుసు, రాగం ఒక దారి, ఆయన ఒక దారి. నేను త్వరగా కోలుకోవడానికి ఆ పాటలు కూడా ఒక కారణమని నేనంటే ఆయనే అందరికంటే ముందు నవ్వేవాడు. కొన్ని నెలలకు బాప్తిస్మం తీసుకున్నాను. పేరు మార్చుకుంటావా అని పాస్టరు గారు అడిగితే మామే అడ్డుపడ్డాడు. "వద్దయ్యగారూ, నాలుగేండ్లు యాదగిరి అని ప్రార్థన చేసిన, ఇప్పుడు మారిస్తే దేవునికి మళ్ళ మొదటి సంది చెప్పాలె" అన్నాడు. అందుకే నేను ఇప్పటికీ యాదగిరినే.

మరుసటి సీజన్‌కు తరిగొప్పులలో ఒక రైతు అలవాటుగా సీసా పెట్టాడు. తిరిగి ఇచ్చేసి, "అన్నా, మజ్జిగ ఉంటే తెప్పియ్యి, నీ వంతు రాంగనే కోస్త" అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల నా పేరు మజ్జిగ డ్రైవర్. దీనికంటే పెద్ద బిరుదు నాకు అక్కర లేదు.

మామ గురించి ఇంకెన్నో చెప్పాలని ఉంది. షిఫ్టు దిగి వస్తూ అత్తమ్మకు పల్లీల పొట్లం తేని రోజు లేదట. పిల్లల మీద ఒక్కనాడూ చెయ్యి ఎత్తలేదు. కోపం లేదని కాదు, ప్రార్థనకు ఎవరైనా ఆలస్యంగా వస్తే కూడిక అయ్యేదాకా మొహం ముడుచుకొని కూర్చునేవాడు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక ఆమె బట్టలు తనే ఉతికి ఆరేసేవాడు, వీధిలో మగవాళ్ళు నవ్వితే "బాయిల నల్లబడ్డ నా అంగీలు గామె ముప్పై ఏండ్లు పిండింది, నా వంతు ఇప్పుడొచ్చింది" అనేవాడు.

బాయి దుమ్ము చివరికి ఆయన ఊపిరితిత్తుల్లోనే మిగిలింది. పోయిన ఏడాది ఒక ఉదయం ఆయాసం ఎక్కువై దవాఖానకు తీసుకుపోదామని బండి తెచ్చాం. నా భుజం పట్టుకొని గడప దాకా వచ్చాడు. అలవాటు ప్రకారం నేను డబ్బాలోంచి ఆయన బిళ్ళ తీసి చేతికిచ్చాను. ఆయన దాన్ని బొటనవేలితో రుద్ది కాసేపు చూసుకున్నాడు, తర్వాత మేకుకు తగిలించకుండా మళ్ళీ డబ్బాలోనే వేశాడు.

"గీసారి వద్దు అల్లుడా. నేను ఇంటికే పోతాన" అన్నాడు.

సాయంత్రానికి తిరిగొస్తానని అంటున్నాడనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం ఆయన కన్నుమూశాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక అందరం ఇల్లు చేరి చెక్క ముందు నిలబడ్డాం. మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి. అప్పుడు నాకు ఆ మాట అర్థమైంది, నేను చెప్పకముందే అత్తమ్మకూ అర్థమైంది. ఆమె డబ్బాలోంచి తన బిళ్ళ తీసి మొదటిసారి ఇంట్లోనే ఉండి మేకుకు తగిలించింది. "ఆయన చేరిండు. బయట ఉన్నది మనమే" అన్నది. ఒకరి తర్వాత ఒకరం మేమూ తగిలించాం. కృపకు ఆరో మేకు మామే కొట్టిపెట్టాడు, దాని బిళ్ళ అదే తగిలించుకుంది.

ఇప్పుడు ఒంటిగంటకు ఫోన్ చేసే పని నాది. ఏ పొలంలో ఉన్నా మిషను ఆపి, అత్తమ్మకు, సుజాతకు, శామ్యూల్‌కు, బడిలో పంతులమ్మను బతిమాలి కృపకు, "తిన్నవా" అని అడిగి ఆ తర్వాతే టిఫిన్ డబ్బా మూత తీస్తాను. నాకు కొదువ లేదు, మనసు నిండా ఉంది. నన్ను వరి మధ్యలోంచి లేపిన దేవునికి, నా కోసం పస్తులున్న మామను నాకిచ్చిన దేవునికి స్తోత్రం.

ఈ పత్రిక చదువుతున్న అన్నా, తమ్మీ, చెల్లె, నీకు ఎవరైనా రోజూ ఫోన్ చేసి, నువ్వు కట్ చేస్తూ ఉంటే ఈ మాట నీకే. దేవుడు నీ కోసం గది తెరిచే ఉంచాడు, నీ బిళ్ళ మాత్రం నువ్వే తీయాలి. మా అత్తమ్మ నాతో అన్నదే నీతో అంటున్నాను. ఎక్కడో ఒక పళ్ళెం మూత పెట్టి ఉంది, దాని ముందు ఎవరో కూర్చొని ఉన్నారు. నువ్వు తాగు, తాగకపో. ఫోను మాత్రం ఎత్తు.